పన్నెండు మంది మగవాళ్ల తీర్పు

1875 మే 19న చికాగోలో మేరీ టాడ్ లింకన్ బస చేసిన హోటల్‌కు ఒక లాయరు పోలీసులతో వచ్చాడు. ఆ రోజే కోర్టులో విచారణ ఉందని ఆమెకు తెలిసింది అప్పుడే. మతి చలించిందన్నది ఆరోపణ. పిటిషన్ వేసినవాడు కన్నకొడుకు రాబర్ట్. ఆమె తరఫు లాయరును ఏర్పాటు చేసింది కూడా అవతలి పక్షమే. ఆయన ఒక్క సాక్షినీ పిలవలేదు. డాక్టర్లు, హోటల్ పనివాళ్లు, దుకాణదారులు వరుసగా వచ్చి సాక్ష్యం చెప్పి వెళ్లారు. ఇల్లే లేని మనిషి కర్టెన్లు కొంటోందన్నారు. బాండ్లను లోదుస్తుల్లో కుట్టుకు తిరుగుతోందన్నారు. అందరూ మగవాళ్లే అయిన పన్నెండు మంది జ్యూరీ, కొద్ది నిమిషాల్లోనే ఆమెకు పిచ్చి అని తేల్చింది. మర్నాడే బటేవియాలోని ప్రైవేటు ఆస్పత్రికి పంపేశారు.

ఈమె అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ భార్య. 1850లో చిన్నారి ఎడ్డీ పోయాడు. 1862లో అధ్యక్ష భవనంలోనే పదకొండేళ్ల విల్లీ జ్వరంతో కన్నుమూశాడు. 1865 ఏప్రిల్ 14 రాత్రి ఫోర్డ్ థియేటర్లో పక్కన కూర్చున్న భర్త తలలోకి తూటా దిగింది. 1871లో పద్దెనిమిదేళ్ల ట్యాడ్ కూడా వెళ్లిపోయాడు. నలుగురు కొడుకుల్లో మిగిలింది రాబర్ట్ ఒక్కడే.

ఇంత దుఃఖం మోసిన మనిషిని ఊరంతా ఎలా చూసింది? ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య నడిచిన అంతర్యుద్ధంలో ఆమె పుట్టింటి సోదరులు కొందరు దక్షిణాది సైన్యంలో ఉన్నారని ఉత్తరాదివాళ్లు ఆమెను అనుమానించారు. గాయపడ్డ సైనికులను చూడటానికి ఆమె ఆస్పత్రులకు వెళ్లిన సంగతి ఎవరికీ గుర్తులేదు. 1867లో డబ్బుకు కటకటై న్యూయార్క్‌లో పాత బట్టలు అమ్మబోతే పత్రికలు నవ్వాయి. ఏటా మూడు వేల డాలర్ల పింఛను మంజూరు చేయడానికి 1870 వరకు ఆగిన కాంగ్రెస్, ఆమె నడవడి మీద కూడా చర్చ పెట్టింది. అన్నేళ్లు అందరూ కలిసి రాసిన తీర్పునే చికాగో జ్యూరీ చదివి వినిపించింది.

ఆమెకు నిజంగానే జబ్బు ఉండి ఉండవచ్చు. చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కానీ జబ్బు ఉన్న మనిషికి కావలసింది వైద్యం, తోడు. ముందుగా మాటైనా చెప్పకుండా కోర్టుకు ఈడ్చుకెళ్లి, నలుగురిలో పరువు తీయడం వైద్యం ఎలా అవుతుంది?

ఆమె కోసం నిలబడింది మైరా బ్రాడ్‌వెల్. చట్టం చదివినా, స్త్రీ అన్న ఒక్క కారణంతో లాయరుగా పని చేయనివ్వలేదు ఆమెను. 1873లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఆ అడ్డంకికి సరేనంది. మైరా, ఆమె భర్త జేమ్స్ పట్టుబట్టి, మేరీని విడిచిపెట్టమని పత్రికల్లో అడిగారు, ఉత్తరాలు రాశారు. నాలుగు నెలల్లోపే మేరీ విడుదలై స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని అక్క ఇంటికి చేరింది. 1876 జూన్‌లో మరో జ్యూరీ ఆమె మనసు బాగుందని చెప్పింది. కొడుకు మీద నమ్మకం మాత్రం చెదిరిపోయింది. కొన్నేళ్లు ఫ్రాన్స్‌లో ఒంటరిగా గడిపి తిరిగొచ్చి, 1882 జూలై 16న ఆ అక్క ఇంట్లోనే చనిపోయింది.

ఇది దూరదేశపు పాత కథ అని పక్కన పెట్టే హక్కు మనకు లేదు. కోపం వచ్చినప్పుడు 'నిన్ను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపాలి' అనడం మనకు అలవాటైపోయింది. భర్త పోయిన ఆడది గట్టిగా మాట్లాడినా, ఖర్చు చేసినా, ఆస్తి అడిగినా, ఆమెకు మతి తప్పిందని ఇంట్లోవాళ్లే అంటారు, వీధి తల ఊపుతుంది. సమాజపు కట్టుబాట్లకు లోబడలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించకూడదని 2017 నాటి మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. చట్టం కాగితం మీద ఉంటే చాలదు, మన నోళ్లలోకి రావాలి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఆ మాట ఎవరి మీదనైనా పడినప్పుడు తల ఊపకండి. ముందు ఆమె దగ్గరకు వెళ్లి కూర్చోండి, ఏమైందో ఆమెనే అడగండి. వైద్యం అవసరమైతే ఆమెకు చెప్పి, తోడుగా తీసుకెళ్లండి.