చెట్టు మీదే పండాలి

అట్టపెట్టెలో వరసగా పేర్చిన తాజా అంజూర పండ్లను ఖరీదు పెట్టి కొని, ఒకటి కొరికి, 'ఇంతేనా' అని పెదవి విరిచినవారు నగరాల్లో చాలామందే ఉంటారు. ఆ పండును తప్పుపట్టి ప్రయోజనం లేదు. మామిడిలా, అరటిలా అంజూరాన్ని కోసి మాగబెట్టడం కుదరదు. కోశాక మెత్తబడుతుందే తప్ప తీపెక్కదు. పోనీ బాగా పండాకే కోద్దామంటే మన ఎండలకు రెండు రోజులు నిలవడమే కష్టం. అందుకే దూరపు మార్కెట్‌కు పంపే రైతు కాస్త ముందుగానే కోయక తప్పదు. పుణె దగ్గరి పురందర్ అంజూరానికి 2016లో భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ, దాని అసలు రుచి తోట గట్టు దాటి ఎంతో దూరం రాదు. ఆ రుచి తెలియాలంటే చెట్టు ఇంట్లో ఉండాలి.

ఈ మాట అనగానే చాలా ఇళ్లలో ఎదురయ్యే మొదటి అభ్యంతరం పురుగు. వేమన పుణ్యమా అని మేడిపండు పొట్టలో ఏముంటుందో తెలుగువారికి చిన్నప్పుడే తెలిసిపోతుంది. అంజూరం మేడికి దగ్గరి చుట్టమే. రెండింటికీ పూలు కాయ లోపలే పూస్తాయి. మేడి పూలను ఫలదీకరించే బుల్లి కందిరీగలు లోపలికి దూరి అక్కడే గుడ్లు పెడతాయి. లోపలి జీవులకు హాని జరుగుతుందనే నిష్ఠగా ఉండే జైనులు ఈ జాతి పండ్లను ముట్టరు. అయితే అంజూరంలో అన్ని రకాలూ ఒకటి కావు. టర్కీకి చెందిన స్మిర్నా రకానికి కందిరీగ లేనిదే పిందె నిలవదు. 1880లలో ఆ మొక్కలు తెప్పించి నాటిన కాలిఫోర్నియా రైతులు ఏళ్ల తరబడి పిందెలు రాలిపోవడమే చూశారు. 1899లో ఫ్రెస్నో దగ్గర ఆ కందిరీగ స్థిరపడ్డాకే వారికి పంట చేతికొచ్చింది. పుణె అంజూరం, బ్రౌన్ టర్కీ లాంటి రకాలకు ఈ బెడద లేదు. పరాగసంపర్కంతో పని లేకుండానే వాటి పిందె పండవుతుంది. కనుక పంటి కింద కరకరలాడేవి గింజలే. పగిలిన పండులో చీమలు దూరడం వేరే సంగతి. నర్సరీలో 'ఫారిన్ మొక్క' అనే మాటకు పడిపోకుండా, ఏ రకమో అడిగి తెచ్చుకోవడం మంచిది.

పెంచడానికి గింజ అక్కర్లేదు, కొమ్మ చాలు. పెన్సిల్ కన్నా కాస్త లావున్న, ఏడాది వయసు కొమ్మను జానెడు పొడవున కోసి, ఇసుక కలిపిన మట్టిలో సగానికి పైగా గుచ్చితే వేళ్లు పోసుకుంటుంది. జోర్డాన్ లోయలో దొరికిన 11 వేల ఏళ్లనాటి అంజూరాలు ఇలా కొమ్మలు నాటి పెంచినవేనని 2006లో కొందరు పరిశోధకులు ప్రకటించారు. దాన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు. కానీ ఎండుపుల్లలా కనిపించే కర్ర చిగురించడం చూసినవారికి అది నమ్మశక్యంగానే తోస్తుంది.

నేలలో అయితే గోడకు, నీటి గొట్టాలకు దూరంగా నాటాలి. నిజానికి డాబా మీద కుండీయే మేలు. వేళ్లకు చోటు తక్కువైతే ఆకుల ఆర్భాటం తగ్గి కాపు పెరుగుతుంది. అడుగున్నర వెడల్పు డ్రమ్ము, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి, రోజంతా ఎండ ఉంటే చాలు. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. బాగా ఎండనిచ్చి ఒక్కసారిగా తడిపితే పండబోయే కాయలు పగులుతాయి.

ఏపుగా పెరిగింది గానీ కాయడం లేదని వాపోయేవారు తరచు మరచిపోయేది కత్తెరను. కాపు ప్రధానంగా కొత్త కొమ్మ మీదే వస్తుంది. పురందర్ రైతులు వానల్లో వచ్చే కాపును ఖట్టా బహార్ అనీ, ఎండలు ముదిరే వేళకు వచ్చేదాన్ని మీఠా బహార్ అనీ అంటారు. పులుపూ తీపీ ఆ పేర్లలోనే ఉన్నాయి. వానలు వెనకబట్టాక కొమ్మలు కత్తిరిస్తే తీపి కాపు అందుతుంది. చేతికి తొడుగులు మాత్రం తప్పనిసరి. చెట్టు పాలు అంటిన చర్మానికి ఎండ సోకితే కమిలి బొబ్బలెక్కుతుంది. ఇక వానాకాలంలో ఆకుల అడుగున తుప్పు రంగు పొడి కనిపిస్తే ఆ ఆకులన్నీ ఏరి పారేయాలి.

పండిందీ లేనిదీ కాయ మెడ చూసి తెలుసుకోవాలి. నిటారుగా ఉన్న కాయ తొడిమ దగ్గర వంగి వేలాడాలి, ముట్టుకుంటే మెత్తగా ఉండాలి, తుంచిన చోట పాలు కారకూడదు. ఈ గుర్తులు ఉడుతకూ పిట్టకూ గబ్బిలానికీ మనకన్నా బాగా తెలుసు. రంగు తిరుగుతుండగానే పలుచటి గుడ్డ సంచి కట్టకపోతే నెలల శ్రమ తెల్లారేసరికి తొడిమగా మిగులుతుంది.

పొద్దున్నే కోసిన పండును నాలుగుగా చీల్చి గడ్డపెరుగుతో తినడాన్ని మించిన వంటకం లేదు. ఎక్కువ వస్తే జామ్ చేయొచ్చు. కిలో ముక్కలకు అరకిలో పంచదార, రెండు నిమ్మకాయల రసం వేసి సన్నసెగ మీద దగ్గరపడేదాకా ఉడికించాలి. అంజూరంలో పులుపు తక్కువ కనుక నిమ్మరసం మానకూడదు. మిల్క్‌షేక్‌కు బాగా పండినవే వాడాలి. పచ్చికాయ పాలకు ఆవు పాలను విరిచే గుణం ఉందని హోమర్ కాలం నాటికే గ్రీకులకు తెలుసు. ఎండబెట్టి దాచుకోవాలనే ఆశ మాత్రం వదులుకోవడమే మంచిది. పుణె రకంలో తీపి తక్కువ, కోస్తా గాలిలో తేమ ఎక్కువ, బూజు పట్టడానికి రెండు రోజులు చాలు. దండలుగా గుచ్చి వచ్చే అఫ్గానిస్థాన్ ఎండు అంజూరాన్ని కొట్లో కొనుక్కోవచ్చు.