గ్రహణమును చూడవలెను

2025వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీ, భాద్రపద పూర్ణిమ. ఆ రాత్రి 9 గంటల 57 నిమిషములకు చంద్రబింబపు అంచును నీడ తాకినది. 11 గంటలు కాగానే బింబమంతయు నీడలో మునిగి, రాగిచెంబువలె ఎఱ్ఱబారినది. 82 నిమిషములు అట్లే యుండెను. అది దేశమంతట కనబడదగిన సంపూర్ణ గ్రహణము. వెలిగొండలకు తూర్పున, మెట్టపొలముల నడుమనున్న కొండాపురమువంటి ఊళ్లలో ఆకాశమును కప్పు మేడలు లేవు. కన్నులను మిఱుమిట్లు గొలుపు దీపములును తక్కువ. మబ్బు లేనిచో అట్టి వింతను చూచుటకు అంతకంటె మంచి చోటు వేఱొకటి యుండదు. అయినను, గ్రహణమనగానే పెక్కు ఇండ్లలో తలుపులు మూయుదురు. పిల్లలను లోనికి పిలుతురు. ఇది తగునా?

తలుపులు మూయు వేళను మనకు తెలుపునది పంచాంగము. స్పర్శ ఎప్పుడు, మధ్యమెప్పుడు, మోక్షమెప్పుడు అను సంగతులు ఉగాదినాటికే అందు వ్రాయబడి యుండును. రాహువు తలచినప్పుడు చంద్రుని మ్రింగువాడైనచో, ఆతడు నోరు తెఱచు నిమిషమును నెలలకు ముందే ఎవరు చెప్పగలరు? గ్రహణము లెక్క తప్పక వచ్చి, లెక్క తప్పక విడుచుచున్నది. కావున అది ఒకరి కోపము కాదు, ప్రకృతి నియమము. మనము నమ్ము పంచాంగమే ఇందుకు సాక్షి.

ఆ నియమము మిక్కిలి సులభము. సూర్యునికి, చంద్రునికి నడుమ భూమి వచ్చినచో భూమి నీడ చంద్రునిపై పడును. ఇది పూర్ణిమనాడు కలుగు చంద్రగ్రహణము. సూర్యునికి, భూమికి నడుమ చంద్రుడు వచ్చినచో చంద్రుని నీడ మనపై పడును. ఇది అమావాస్యనాడు కలుగు సూర్యగ్రహణము. చిన్నవాడగు చంద్రుడు అంతటి సూర్యుని ఎట్లు కప్పును? ఒక కన్ను మూసి, రూపాయి బిళ్లను రెండవ కంటికి దగ్గఱగా పట్టి చూడుడు. దూరముననున్న ఉదయగిరి కొండయు మఱుగగును. సూర్యుడు చంద్రునికంటె సుమారు 400 రెట్లు పెద్దవాడు. సుమారు 400 రెట్లు దూరమున నున్నాడు. అందుచే ఇరువురును మనకు సమానముగా కనబడుదురు.

మఱి ప్రతి పూర్ణిమకు, ప్రతి అమావాస్యకు గ్రహణమేల రాదు? చంద్రుని మార్గము భూమి మార్గమునకు సుమారు 5 డిగ్రీలు వాలియున్నది. ఆ రెండును కలియు బిందువులు రెండు మాత్రమే. మన జ్యోతిర్గణితజ్ఞులు వానికే రాహువు, కేతువు అని పేరిడిరి. ఆ బిందువుల సమీపమున పూర్ణిమగాని అమావాస్యగాని సంభవించినప్పుడే గ్రహణము కలుగును. గ్రహణములకు కారణము నీడలేయని ఆర్యభటుడు పదునైదు వందల యేండ్లకు పూర్వమే చెప్పెను.

చూచినవారికి లాభమేమందురా? 1868 ఆగస్టు 18వ తేదీన తెలుగునేలపై సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దానిని చూచుటకు జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సు దేశమునుండి సముద్రములు దాటి గుంటూరునకు వచ్చెను. సూర్యుని అంచున లేచు జ్వాలలు మండు వాయువులని ఆతడు వర్ణరేఖలవలన గ్రహించెను. ఆ గ్రహణమున కనబడిన పసుపుపచ్చని రేఖ హీలియమను క్రొత్త మూలకమును కనుగొనుటకు దారితీసినది. భూమిపై ఆ వాయువు దొరకినది 1895లో మాత్రమే. మఱల 1980 ఫిబ్రవరి 16వ తేదీన ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్-రంగాపూర్ వేధశాలయందు శాస్త్రజ్ఞులు సంపూర్ణ గ్రహణమును పరిశీలించిరి. ఆనాడు ఎందఱో తలుపులు మూసికొని ఇండ్లలోనే యుండిరి. చూచినవారికి కలిగినది జ్ఞానము. చూడనివారికి మిగిలినది చీకటి గది.

పెద్దల ఆచారములను పరిహసింపుమని నా భావము కాదు. స్నానము, జపము వారి వారి విశ్వాసము. కాని గర్భిణులను గంటలకొలది అన్నపానములు లేక కూర్చుండబెట్టుట మేలు కాదు. నీడ గర్భమును తాకదు; ఆకలిదప్పులు తాకును.

భయపడవలసినది ఒక్కటి కలదు. చంద్రగ్రహణమును వట్టి కన్నులతో చూడవచ్చును. సూర్యుని మాత్రము అట్లు చూడరాదు. నల్లకద్దాలును, ఎక్స్‌రే ఫిల్ములును చాలవు. నొప్పి తెలియకుండగనే చూపు పోవును. అట్టకు సన్నని రంధ్రము చేసి, దానిగుండ పడు వెలుగును తెల్లకాగితముపై చూడుడు. వేపచెట్టు నీడలో సయితము నెలవంకలవంటి వెలుగులు కనబడును.

బాలబాలికలారా! ఈసారి పంచాంగమున గ్రహణమని చదివినప్పుడు మీ అవ్వతాతలతో వాదింపకుడు. వారి చేయి పట్టుకొని వాకిటికి తోడ్కొని రండు. పంచాంగము చెప్పిన నిమిషమునకే నీడ వచ్చుట వారికి చూపుడు. వేయి మాటలు పోగొట్టలేని భయమును ఆ ఒక్క చూపు పోగొట్టగలదు.