కౌన్సెలింగ్‌కి పోతే పిచ్చోళ్లమైపోతామా?



మన ఇళ్లల్లో కౌన్సెలింగ్ అంటే రెండే అర్థాలు. ఒకటి, ఎంసెట్ సీటు కోసం సర్టిఫికెట్లు పట్టుకుని పోయేది. రెండోది, పోలీసులు స్టేషన్‌కు పిలిపించి అమ్మానాన్నల ముందు నాలుగు తిట్టి పంపేది. అందుకే మొన్న ఒక తమ్ముడితో "ఒకసారి కౌన్సెలర్‌ని కలువురా" అంటే వాడి ముఖం మాడిపోయింది. "నేనేం తప్పు చేసిన అక్కా?" అన్నాడు.

వాడు పీహెచ్‌డీ రెండో ఏడాది. (అడిగే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.) మూడు నెలలుగా నిద్ర లేదు. గైడ్ గది ముందు నిలబడితే చేతులు చల్లబడతాయట. ఫెలోషిప్ ఆగింది. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం "బాగున్న అమ్మా" అంటాడు.

మన మీటింగుల్లో ఒక వాదన ఉంది. జబ్బు సమాజానిదైతే ట్రీట్‌మెంట్ మనకెందుకు అని. నేనూ ఏళ్ల తరబడి అదే మాట్లాడాను. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక, అదంతా వ్యక్తిగత సమస్య అని తేల్చేయాలని చూసినవాళ్లతో కొట్లాడాం. కరెక్టే చేశాం. మనిషిని హాస్టల్ నుంచి వెళ్లగొట్టి, ఆ తర్వాత లోపం అతని మనసులో వెతకడం దుర్మార్గం. కానీ ఆ కొట్లాటలో మనకో అలవాటైంది. మనసు బాగాలేదని ఒప్పుకుంటే శత్రువుకు సాక్ష్యం ఇచ్చినట్టే అనుకున్నాం. కాలు విరగ్గొట్టినోడి మీద కేసు పెడతాం, కట్టు కూడా కట్టించుకుంటాం కదా. మనసు దగ్గరికి వచ్చేసరికి కేసు ఒక్కటే చాలనుకున్నాం.

నా సంగతి చెప్తా. మొదటిసారి కలిసిన కౌన్సెలర్ అరగంట విని, "మీరు కులం గురించి కొంచెం ఎక్కువ ఆలోచిస్తున్నారేమో" అంది. లేచి వచ్చేశా. రెండేళ్లు మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆమె అన్నది తప్పే. ఒక్క మనిషిని చూసి మొత్తం తలుపు మూసుకోవడం నా తప్పు. రెండో ఆమె వేరే. "ఆ మాట అన్నప్పుడు గదిలో ఇంకెవరున్నారు?" అని అడిగింది. ఒక్క ప్రశ్నకు పది నిమిషాలు ఏడ్చా.

మొదటి రోజు ఏం జరుగుతుందో వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. ఒక ఫారం ఇస్తారు. ముప్పావు గంట, మహా అయితే గంట. నిద్ర, తిండి, ఇల్లు, చదువు, మందు అలవాటు, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా అని అడుగుతారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా నేరుగా అడగొచ్చు. భయపడొద్దు, అది అందరినీ అడిగేదే. నిజమే చెప్పండి. మొదటి రోజే మనసు తేలికవ్వాలని లేదు, కొందరికి ఆ రాత్రి ఇంకా బరువుగా ఉంటుంది. నాకు అట్లనే అయింది. కౌన్సెలర్ మాత్రలు రాయరు. అవసరమనిపిస్తే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు.

మీరూ అడగాలి. ఇది పరీక్ష కాదు, వాళ్లు మార్కులు వేయరు. "కుల వివక్ష ఎదుర్కొన్నవాళ్లతో మీరు పనిచేశారా?" అని అడగండి. ఆ మాటకే ఇబ్బందిగా కదిలితే మీకు జవాబు దొరికినట్టే, మనిషిని మార్చండి. కాలేజీ కౌన్సెలర్ అయితే ఇంకోటి తప్పనిసరి: "నా ఫైల్ ఎవరు చూస్తారు? హెచ్‌ఓడీకి పోతుందా?" 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు లాంటి మినహాయింపులున్నాయి. అవేంటో మొదటి రోజే చెప్పించుకోండి.

విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉండగా చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలి. మీ క్యాంపస్‌లో ఎవరున్నారో ఒక వినతిపత్రం పెట్టి అడగండి. బోర్డు మీద పేరుండి గదికి తాళం ఉంటే ఫొటో తీసి పెట్టండి. విద్యార్థి సంఘాలు హాస్టల్ మెస్ మీద ధర్నా చేసినంత గట్టిగా దీని మీద ఎందుకు చేయవో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈలోపు రాత్రి పూట ఎవరూ దొరక్కపోతే 14416, టెలీ మానస్. ఫ్రీ, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు.

తమ్ముడి గైడ్ మీద ఫిర్యాదు కూడా రాస్తున్నాం. డ్రాఫ్ట్ నా దగ్గరే ఉంది, తేదీలు వాడే నింపుతున్నాడు. గురువారం నాలుగింటికి వాడి అపాయింట్‌మెంట్. లోపలికి ఒక్కడే పోతా అన్నాడు. నన్ను మాత్రం బయట బెంచీ మీద కూర్చోమన్నాడు.