బొమ్మ చూపించి తెలుగులో చెప్పండి

అమెరికాలో పసిపిల్లలున్న తెలుగు ఇంటికి నేను మొట్టమొదట చెప్పే బొమ్మల పుస్తకం ఎజ్రా జాక్ కీట్స్ 1962లో తెచ్చిన ‘ద స్నోయీ డే’. మంచు కురిసిన పొద్దున పీటర్ అనే నల్లజాతి పిల్లాడు ఎర్రటి స్నోసూట్ తొడుక్కుని వీధిలోకి వెళ్తాడు, మంచులో అడుగుల గుర్తులు వేస్తాడు, ఓ మంచుముద్దను జేబులో దాచుకుంటాడు. కథ దాదాపు అంతే. 1940లో ‘లైఫ్’ పత్రికలో కనబడిన ఓ పిల్లాడి ఫొటోలు కత్తిరించి రెండు దశాబ్దాలు దాచుకున్న కీట్స్, కాగితాలూ గుడ్డముక్కలూ అతికించి ఈ బొమ్మలు చేశాడు. ఈ పుస్తకానికి 1963లో, పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం వచ్చింది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2020లో లెక్క తీస్తే, 125 ఏళ్లలో జనం అన్నిటికంటే ఎక్కువగా, 4,85,583 సార్లు, ఇంటికి తీసుకెళ్లిన పుస్తకం ఇదే. మనవాళ్లు మాత్రం బిడ్డకు రెండేళ్లు నిండకముందే అక్షరాలు, అంకెల పుస్తకాల వెంట పడతారు. ఎరిక్ కార్ల్ గొంగళిపురుగు పుస్తకాన్నీ వారాల పేర్లు అప్పజెప్పించడానికే తెరిస్తే నాకు బాధేస్తుంది. పురుగు తిన్నట్టు ఆ పేజీలకు పెట్టిన చిల్లుల్లో పిల్లను వేలు దూర్చనివ్వాలి కదా! తెలుగు సంగతి ‘మనబడి’ తరగతుల్లో చేర్చాక చూద్దాంలే అనుకోవడం కూడా సరికాదు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పీటర్ బొమ్మ చూపిస్తూ మీ ఊరి యాసలోనే కథ చెప్పండి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. అచ్చులోనే తెలుగు కావాలంటే సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’, చెన్నై ‘తూలిక’ ప్రచురణలున్నాయి. ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగానే దొరుకుతాయి.