ఎంసెట్ కాదండీ బాబూ, సొరోరిటీ!

"అక్కడ పోటీ చాలా ఎక్కువట, అంటే ఏదో గొప్ప విషయం ఉన్నట్టే కదా!"

అమెరికాలో పిల్లల్ని కాలేజీకి పంపుతున్న మన సాఫ్ట్‌వేర్ జనాల నోట ఈమధ్య ఈ మాట తెగ వింటున్నాను. ఏ కాలేజీ గురించో, ఏ కోర్సు గురించో అయితే పోన్లే అనుకునేవాణ్ణి. వీళ్ళంటున్నది సొరోరిటీల గురించి. ఈ మాట తప్పు. తప్పు కావడమే కాదు, పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లల నెత్తిన ఊరికే బరువు పెట్టే తప్పు. పెళ్ళే కాని నాకు పిల్లల కాలేజీ గొడవెందుకు అంటారా? లెక్క తప్పుగా కనబడితే ఊరుకోలేని జబ్బొకటి ఉంది మరి.

సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్తాను. సొరోరిటీ అంటే అమెరికా కాలేజీల్లో అమ్మాయిల సంఘం. గ్రీకు అక్షరాల పేరు, గుట్టుగా జరిపే తంతులు, చాలాచోట్ల ఓ పెద్ద ఇల్లు, సెమిస్టరుకింత అని చందా, చదువయ్యాక కూడా పోని సభ్యత్వం. జార్జియాలోని మేకన్ ఊళ్ళో వెస్లియన్ కాలేజీలో 1851లో మొదలైన ఓ సంఘమే ఇవాళ్టి ఆల్ఫా డెల్టా పై. 1902లో ఇలాంటి సంఘాలు కొన్ని కలిసి నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి. ఇప్పుడు అందులో రెండు డజన్ల పైచిలుకు సంఘాలున్నాయి, ఒక్కోదానికీ దేశం నిండా చాప్టర్లు.

కొత్తవాళ్ళని చేర్చుకునే తంతుని రిక్రూట్‌మెంట్ అంటారు, పాతపేరు రష్. కొన్ని రోజులపాటు అమ్మాయిలు ఇల్లిల్లూ తిరిగి మాట్లాడతారు. ప్రతి రౌండు తర్వాతా ఇళ్ళు కొందర్ని వదిలేస్తాయి, అమ్మాయిలు కొన్ని ఇళ్ళని వదిలేస్తారు. చివర్లో ఇద్దరూ జాబితాలిస్తే కంప్యూటర్ జత కలుపుతుంది. ఫలానా ఇంట్లో నీకు చోటుందని ఇచ్చే పిలుపు పేరు బిడ్డు. అవి పంచే రోజు బిడ్ డే. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, ఎగిరేవాళ్ళు ఎగురుతారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం.

ఐఐటీలో సీట్లు ఇన్ని అని ముందే ఉంటాయి. జనం పెరిగితే పోటీ పెరుగుతుంది. సొరోరిటీల్లో అలా కాదు. ఒక్కో చాప్టరు ఎంతమందిని తీసుకోవచ్చో చెప్పే కోటా, ఆ యేడు ఎంతమంది అమ్మాయిలు బరిలో ఉన్నారో చూసి కడతారు. వెయ్యిమంది అమ్మాయిలు, పది చాప్టర్లు అనుకోండి. కోటా సుమారు వంద. రెండువేలమంది వస్తే సుమారు రెండొందలు. మన భాషలో చెప్పాలంటే ఆటో స్కేలింగ్ అన్నమాట.

దీనిమీద ఇంకో ఏర్పాటుంది, రిలీజ్ ఫిగర్ మెథడాలజీ అని. ప్రతి చాప్టరుకీ పాత సంవత్సరాల లెక్కలు తీసి, ఏ రౌండులో ఎంతమందిని పిలవొచ్చో చెబుతారు. గిరాకీ ఎక్కువున్న ఇల్లు మొదట్లోనే ఎక్కువమందిని వదిలేయాలి. గిరాకీ తక్కువున్న ఇల్లు ఎక్కువమందిని పిలుచుకోవచ్చు. అచ్చం లోడ్ బ్యాలెన్సరే! ఆశపెట్టి చివరిరోజు చెయ్యిచ్చేకంటే ముందే చెప్పేయడం మేలని దీని ఉద్దేశం. చివరిదాకా ఉండి, మిగిలిన ఇళ్ళన్నిటినీ తన జాబితాలో రాసిన అమ్మాయికి ఏదో ఒక చోటు చూపించడానికి కోటా మీద అదనపు సీట్లు కూడా ఉంటాయి.

అంటే ఈ వ్యవస్థని కట్టిందే అందరికీ సర్దడానికి. మరి పోటీ దేనికి?

సీటు కోసం కాదు. ఏ ఇల్లు అన్నదాని కోసం. ప్రతి క్యాంపస్‌లోనూ ఇళ్ళకి పై మెట్టు, మధ్య మెట్టు, కింది మెట్టు అని ఓ జాబితా ప్రచారంలో ఉంటుంది. ఎవరు రాశారో తెలీదు, ఏ కాగితం మీదా ఉండదు, కానీ అందరికీ నోటికొచ్చు. ఆ జాబితా ఎంత బిగుసుకుని ఉంటే అక్కడ పోటీ అంత ఎక్కువ. నా వాదనంతా ఈ ఒక్క ముక్కే. పోటీ చెప్పేది సంఘం గొప్పదనాన్ని కాదు, ఆ క్యాంపస్ ఆకారాన్ని.

నమ్మకం కుదరకపోతే ఇది చూడండి. ఒకే సంఘం, అవే గ్రీకు అక్షరాలు, అదే జాతీయ కార్యాలయం, అవే తంతులు. ఒక యూనివర్సిటీలో దాని గుమ్మం ముందు వందలమంది నిలబడతారు. ఇంకో రాష్ట్రంలో, పిల్లలు ఇంటినుంచి బండిమీద వచ్చి క్లాసులు విని వెళ్ళిపోయే కాలేజీలో, అదే సంఘం యేడాది పొడుగునా ఖాళీలు నింపుకుంటూ కూర్చుంటుంది (దానికీ ఓ పేరుంది, కంటిన్యువస్ ఓపెన్ బిడ్డింగ్). గొప్పదనం సంఘంలో ఉంటే రెండు చోట్లా ఒకే గిరాకీ ఉండాలిగా?

మరి ఆ ఆకారం ఎలా వస్తుంది? యూనివర్సిటీ ఆఫ్ అలబామానే తీసుకోండి. 2021లో అక్కడి అమ్మాయిల టిక్‌టాక్ వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి, 2023లో 'బామా రష్' అని డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ఈమధ్య యేళ్ళలో అక్కడ ఒక్క ఆగస్టులోనే సుమారు 2,500 మంది బరిలోకి దిగుతున్నారు. వాళ్ళలో అత్యధికులకి ఏదో ఒక బిడ్డు దొరుకుతుంది కూడా. ఒక్కో చాప్టర్లో నాలుగొందలమందికి పైగా ఉండటం అక్కడ మామూలు. అయినా అంత ఉద్రిక్తత. నాకు కనిపిస్తున్న కారణాలు ఇవీ:

మొదటిది, వేళ. తంతంతా క్లాసులు మొదలవకముందే అయిపోతుంది. అమ్మాయికి ఊళ్ళో ఒక్క స్నేహితురాలు ఉండదు, ఒక్క ప్రొఫెసరు తెలీదు. పదినిమిషాల మాటల్లో ఇల్లు ఎలాంటిదో ఆమెకి అర్థం కాదు, ఆమె ఎలాంటిదో ఇంటికి అర్థం కాదు. సమాచారం లేనిచోట మనిషి దేన్ని చూస్తాడు? పేరునీ, బట్టల్నీ, ముఖాన్నీ. అదే తంతు రెండో సెమిస్టర్లో పెట్టిన కాలేజీల్లో అమ్మాయిలకి అప్పటికే రూమ్మేట్లు, క్లాసులు, నేస్తాలు ఉంటారు. ఇల్లు దొరక్కపోతే లోకం మునిగిపోదు.

రెండోది, ప్రత్యామ్నాయం లేకపోవడం. పెద్ద ఊరి మధ్యన ఉన్న కాలేజీలో సాయంత్రం గడపడానికి వంద దారులు. టస్కలూసాలాంటి ఊళ్ళో సరదాలు, పరిచయాలు, పదవులు చాలావరకు ఈ ఇళ్ళ చుట్టూ తిరుగుతాయి. విద్యార్థి ఎన్నికల్ని 'ద మెషీన్' అని పిలిచే ఫ్రెటర్నిటీ, సొరోరిటీల గుప్త కూటమి దశాబ్దాలుగా నడిపిస్తోందన్నది అక్కడ బహిరంగ రహస్యం. అలాంటి చోట ఇల్లు అంటే క్లబ్బు కాదు, రేషన్ కార్డు.

మూడోది, వారసత్వం. అమ్మ, అమ్మమ్మ, పిన్ని అదే ఇంట్లో ఉండి ఉంటారు. ఒకే హైస్కూలు నుంచి ఒకే ఇంటికి యేటా పిల్లలు వెళ్తుంటారు. వీళ్ళు ఆగస్టులో పోటీకి రావడం లేదు, ఎప్పుడో మొదలైన పోటీని ముగించడానికి వస్తున్నారు. చాలా సంఘాలు ఈమధ్య వారసులకిచ్చే ప్రాధాన్యాన్ని, సిఫార్సు ఉత్తరాల నిబంధననీ కాగితం మీద తీసేశాయి. మంచిదే. కానీ పరిచయాల్ని తీసేసే నిబంధన ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో 2013లో అందరూ చూశారు. చదువులో ముందున్న ఓ నల్లజాతి అమ్మాయిని చేర్చుకుందామని చాప్టర్లోని పిల్లలే అనుకున్నా, పూర్వ సభ్యులు అడ్డుపడ్డారని అలబామా విద్యార్థి పత్రిక 'క్రిమ్సన్ వైట్' సెప్టెంబరులో బయటపెట్టింది. 1963లో గవర్నర్ జార్జ్ వాలస్ నల్లజాతి విద్యార్థుల్ని ఆపుతానని అదే యూనివర్సిటీ గుమ్మంలో నిలబడ్డాడు. సరిగ్గా యాభై యేళ్ళ తర్వాత కథ ఇదీ. గొడవయ్యాక యూనివర్సిటీ అధ్యక్షురాలు జూడీ బానర్ జోక్యం చేసుకుని మళ్ళీ బిడ్డులు ఇప్పించాల్సొచ్చింది. ఇదేనా మీరు గొప్పదనం అనుకుంటున్న పోటీ?

మెట్ల పిచ్చి కింది మెట్టునీ వదలదు. ఇండియానాలోని డిపా యూనివర్సిటీలో డెల్టా జీటా చాప్టరుకి సభ్యులు తగ్గిపోయారు. క్యాంపస్‌లో దానికి 'కలుపుగోలుతనం లేని పిల్లల ఇల్లు' అని పేరుపడింది. 2006 చివర్లో జాతీయ కార్యాలయం వాళ్ళొచ్చి 35 మందిలో 23 మందిని ఇల్లు ఖాళీ చేయమన్నారు. నిబద్ధత చాలలేదన్నది వాళ్ళు చెప్పిన కారణం. పంపేసినవాళ్ళలో లావుగా ఉన్న అమ్మాయిలందరూ, ఉన్న ఒక్క నల్లమ్మాయి, ఒక్క కొరియా అమ్మాయి, ఒక్క వియత్నాం అమ్మాయి ఉన్నారని 2007 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఇది తట్టుకోలేక మిగిలినవాళ్ళలో ఆరుగురు తామే వెళ్ళిపోయారు. ఆ తర్వాత యూనివర్సిటీ ఆ చాప్టరుతో తెగతెంపులు చేసుకుంది. ఆ పిల్లలు ఏ పరీక్షలో తప్పారు చెప్పండి?

మన జనాలకి నచ్చే సంగతి ఇంకోటి. ఈ జత కలిపే పద్ధతి మీద 1991లో సూసన్ మోంగెల్, ఆల్విన్ రాత్ 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ'లో ఓ పేపరు రాశారు (ఈ రాత్ గారికే 2012లో లాయిడ్ షాప్లీతో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది). వాళ్ళు చూసింది అప్పటి పద్ధతిని. అమ్మాయిలు తమ ఇష్టాల్ని వరసగా రాస్తారని కాగితం మీద ఉంది. నిజంలో చాలామంది ఒక్క పేరే రాసి ఊరుకునేవాళ్ళు. అల్గారిదం అడిగినదానికి వాళ్ళు జవాబు చెప్పలేదు, దాన్ని దాటి ఎత్తు వేశారు. ఆ ఎత్తుల వల్లే ఆ పద్ధతి కూలిపోకుండా నడిచిందని తేల్చారు. కోడు బాగున్నా ఇన్‌పుట్ భయంతో వస్తే అవుట్‌పుట్‌కి అర్థమేముంటుంది?

సరే, మనవాళ్ళ దగ్గరికి వద్దాం. మాకు తెలిసిన ఓ పెద్దాయన కూతురు పోయిన ఆగస్టులో ఓ దక్షిణాది యూనివర్సిటీలో ఈ తంతుకి వెళ్ళింది. మూడో రౌండుకి అనుకున్న ఇళ్ళన్నీ వదిలేశాయి. ఆయన నన్నడిగిందేంటో తెలుసా? "ఏమయ్యా, మా పిల్లకి ఏం తక్కువ? ఎక్కడ ప్రిపరేషన్ లోపించిందంటావ్?"

ప్రిపరేషన్! అదీ మన రోగం. ఎంసెట్ రాసి (పేరు మారి ఈఏపీసెట్ అయిందిలెండి) వచ్చిన బుర్రలు మనవి. వరస ఎక్కడ కనబడితే అక్కడ ర్యాంకు, ర్యాంకు ఎక్కడుంటే అక్కడ కోచింగు. వేల డాలర్లు తీసుకుని ఏ బట్టలేసుకోవాలో, ఏం మాట్లాడాలో నేర్పే రష్ కన్సల్టెంట్లు ఇప్పటికే ఉన్నారు, మనవాళ్ళూ వాళ్ళ దగ్గర క్యూ కట్టడమే తరువాయి. ఎంసెట్‌కి ఎన్ని లోపాలున్నా ఓ ప్రశ్నపత్రం, ఓ కీ ఉన్నాయి. ఇక్కడ కీ లేదు. 'ఏం తక్కువ' అన్న ప్రశ్నకి జవాబుండదు. జవాబు లేని ప్రశ్నని ఇంట్లో పదిసార్లు అడిగితే ఆ పిల్ల తనే జవాబు తయారు చేసుకుంటుంది. రంగో, ఒళ్ళో, పేరో. అందుకే ఆ ప్రశ్న అడక్కండి మహాప్రభో.

గుమ్మం ముందు నిలబడకుండా వేరే ఇల్లు కట్టుకున్న మన పిల్లలూ ఉన్నారు. 1998లో హ్యూస్టన్ యూనివర్సిటీలో డెల్టా ఫై ఒమెగా, అదే యేడు ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో కప్పా ఫై గామా, న్యూయార్క్‌లోని సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో. మూడూ దక్షిణాసియా మూలాలున్న అమ్మాయిలు మొదలుపెట్టినవే. ఒకే యేడు మూడుచోట్ల ఒకే అవసరం పుట్టిందంటే అది ఏ ఒక్క పిల్ల లోపమో కాదని అర్థం కావట్లా?

"అవి ప్రైవేటు క్లబ్బులు, వాళ్ళిష్టం వచ్చినవాళ్ళని పెట్టుకుంటారు, నీకెందుకు" అనే వాదన ఒకటుంది. అంత ప్రైవేటేం కాదండి. విద్యలో ఆడామగా వివక్ష కూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం నుంచి వీటికి 1974లో ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చారు. అలబామాలాంటి చోట్ల ఇళ్ళు క్యాంపస్ నడిబొడ్డున ఉంటాయి. యూనివర్సిటీ పేరు వాడుకుంటున్నప్పుడు యూనివర్సిటీని అడిగే హక్కు ఫీజు కట్టే తల్లిదండ్రులకి ఉంటుంది. పాతికేళ్ళ అనుభవమున్న ఆర్కిటెక్టులు, డైరెక్టర్లు మీరు. కూతురికి లిప్‌స్టిక్ రంగు ఎంచిపెట్టే బదులు, మొదటి సెమిస్టరు అయ్యేదాకా ఈ తంతు పెట్టొద్దని యూనివర్సిటీకి రాయండి. ఏ రౌండులో ఎంతమంది మిగిలారో, ఎంతమంది తామే తప్పుకున్నారో, ఎంతమందికి అసలు చోటే దొరకలేదో యేటా పూర్తిగా ప్రకటించమనండి. లాగులు చూపించకుండా సిస్టమ్ బ్రహ్మాండంగా ఉందంటే ఆఫీసులో ఒప్పుకుంటామా?

సొరోరిటీలో చేరొద్దని నేననడం లేదు. స్నేహాలు దొరుకుతాయి, దూరదేశంలో ఓ ఇల్లు దొరుకుతుంది, చేరాలనుంటే హాయిగా చేరమనండి. కానీ క్యూ పొడుగ్గా ఉంటే లోపల దేవుడున్నట్టు కాదు. ఒక్కోసారి తలుపు ఇరుకుగా ఉంటుంది, అంతే.

కాదంటారా? రండి, వాదించుకుందాం.