అందరి బాట

ఇటీవల నొక యాదివార ముదయమున బెంగుళూరు కబ్బన్ పార్కులో రెండు గంటలు గడపు నవకాశము మాకు లభించినది. ఆదివారములందు ఆ వనము నడుమనుండి పోవు రోడ్లపైకి మోటారుబండ్లను రానీయరు. తక్కిన దినములలో బండ్ల రొదతో నిండియుండు ఆ బాటలమీదనే వృద్ధులు చేతికఱ్ఱ నూతగొని మెల్లగ నడచుచుండిరి. యువకులు పరుగిడుచుండిరి. బాలురు సైకిలు త్రొక్కుట నేర్చుకొనుచుండిరి. తల్లులు పసిబిడ్డలను చిన్నబండ్లలో నుంచి త్రోసికొనిపోవుచుండిరి. కన్నడముతోపాటు తెలుగును, తమిళమును, ఉర్దూయును మా చెవిని బడెను. ద్వారముకడ రుసుము నడిగినవారు లేరు. నీ వెవడవని ప్రశ్నించినవారును లేరు.

ఈ వనమును 1870లో మైసూరు ముఖ్య ఇంజనీరగు శాంకీదొర నిర్మించెను. ఒక ఆంగ్లాధికారి పేర మీడ్సు పార్కనియు, పిమ్మట వేరొక యధికారి పేర కబ్బన్ పార్కనియు పిలిచిరి. 1927లో చామరాజేంద్ర ఒడయరు పేరు పెట్టిరి గాని, ప్రజల నోట పాతపేరే నిలిచినది. ఆ కాలమున నొకవైపున దండు, మఱియొకవైపున పేట యుండెను. 1881లో రాజ్యమును ఒడయరులకు తిరిగి యొప్పగించినప్పుడును దండును మాత్రము ఆంగ్లేయులు తమ చేతనే యుంచుకొనిరి. 1947లో నది మైసూరునకు చేరినది; 1949లో దండును పేటయు నొక్క నగరపాలక సంస్థ క్రిందికి వచ్చినవి. నాడు రెండు ప్రభుత్వముల నడుమనున్న వనము నేడు సర్వజనుల సొత్తయినది. అది మనకు సంతోషకారణమే. కాని సొత్తు అందరిదైనప్పుడు దానిని కాపాడు బాధ్యత యెవ్వరిది? ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదను సామెత మనలో నూరక పుట్టలేదు.

మొదటి బాధ్యత బాట నుపయోగించువారిదే. నడచువాడు, పరుగిడువాడు, సైకిలెక్కినవాడు నొక్క దారిని పోవునప్పుడు చిక్కులు కలుగుట సహజము. వెంటనే కొందఱు సైకిళ్లను నిషేధింపుడందురు; మఱికొందఱు పిల్లలను వెడలగొట్టుడందురు. ఒక్కొక్కరిని వెడలగొట్టుచు పోయినచో తుదకు మిగులున దెవరు? అమెరికాలో నిట్టి బాటలందు సైకిలువాడు నడచువానికిని, వారిరువురును గుఱ్ఱమునకును దారి యొసగుట వాడుకగా నున్నది. ఇందు గ్రహింపవలసినది సులభమే. వేగముగలవాడు తగ్గవలయును; నెమ్మదిగా పోవువాడు బెదరి తొలగవలసిన పని యుండరాదు. వీధిలో పెద్దబండివాడు చిన్నబండివానిని, చిన్నబండివాడు పాదచారిని గదుముచుండు మన పట్టణములలో నీ మర్యాదను నేర్పుటకు ఉద్యానవనమునకు మించిన బడి లేదు.

రెండవ బాధ్యత స్థలమును నిలుపుకొనుట. కబ్బన్ పార్కువంటి వనముల రక్షణకై కర్ణాటక ప్రభుత్వము 1975లో ప్రత్యేకశాసనమును చేసినది. అయినను శాసనము తనంతట తాను కావలి కాయదు. ఆ బెంగుళూరులోనే సదాశివనగరప్రాంతమున నగరరచనలో పార్కునకై విడిచిన స్థలమును, ఆనాటి ముఖ్యమంత్రి యుత్తరువు ననుసరించి, నగరాభివృద్ధి సంస్థ యొక ప్రైవేటు వైద్యశాలకు కేటాయించినది. ఇరుగుపొరుగువారు న్యాయస్థానము నాశ్రయించిరి. వైద్యశాలయు ప్రజోపయోగమే గదా యని ప్రతివాదులు వాదించిరి. 1991లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, పార్కునకై విడిచిన చోటును వేఱొకదానికి మార్చుటకు వీలులేదనియు, దానికై పోరాడు హక్కు ఆ ప్రాంతపు నివాసులకు కలదనియు తీర్పు చెప్పినది. ఆ నివాసులు మౌనము వహించియున్నచో నేమగునో చెప్పనక్కరలేదు.

ఇక మన సంగతి చూతము. పట్టణముల చుట్టునున్న మాగాణులును మెట్టలును ఇండ్లస్థలములుగా మారుచున్నవి. లేఅవుటు విస్తీర్ణమున నూటికి పదిపాళ్లకు తక్కువకాకుండ ఖాళీస్థలమును విడిచి స్థానికసంస్థకు దానపత్రము వ్రాయవలెనని ఆంధ్రప్రదేశమున 2017 నాటి నిబంధనలు విధించినవి. పటమున ఆ స్థలమునకు పచ్చరంగు వేయుదురు. ఆ పచ్చనిచోటనే కొన్నియేండ్లకు దుకాణమో, కల్యాణమండపమో, తుదకొక యిల్లో వెలయుచుండుట చూడనివా రెవరు? దేవాలయమును కట్టినచో నడుగువా రుండరను ధైర్యముతో దేవునిపేర నాక్రమించుటయు కలదు. అట్టి పూజ నే దేవుడు మెచ్చును?

భూస్వాములగు పాఠకులకు మా విన్నపమొక్కటి. ఆ పదిపాళ్లు మీ నష్టము కాదు. మీ ధర్మమును కాదు. తక్కిన స్థలములను కొన్నవారు ఆ పార్కును చూచియే వెల చెల్లించిరి గనుక అది వారికి మీరు పడిన ఋణము. మన పూర్వులు వనప్రతిష్ఠను సప్తసంతానములలో చేర్చి, చెఱువుతోను, దేవాలయముతోను, కన్నకొడుకుతోను సమముగా నెంచిరి. వ్రాసి యిచ్చినదానిని తిరిగి మ్రింగువాడు కన్నబిడ్డను మ్రింగినవాడే.

పురపాలకులు చేయవలసినదియు గొప్ప ధనవ్యయముతో కూడినది కాదు. సర్వే నంబరును విస్తీర్ణమును తెలుపు పలక నొకటి ద్వారముకడ నిలుపవలయును. చుట్టును నీడనిచ్చు వేపలు, కానుగలు నాటి, ఇద్దఱు నడచుచుండగా నొక సైకిలు ప్రక్కనుండి పోదగినంత వెడల్పుగా బాట వేయవలయును. ఫౌంటెనులును, రంగుదీపములును పిమ్మట చూచుకొనవచ్చును. రుసుము పెట్టరాదు, పగటివేళ తాళము వేయరాదు. తాళము వేసిన పార్కులో ముండ్లకంప పెరుగును. ఆ పిమ్మట నది యెవరికిని పనికిరాదను వాదము పుట్టును. ఆ వాదము వెంట ఆక్రమణ వచ్చును. దినమునకు నూఱుమంది నడచు బాటపై గోడకట్టుటకు ఎట్టివానికైనను చేయి రాదు.

కనుక పౌరులారా! మీ పేటలోని పార్కు ఎక్కడనున్నదో పురపాలక కార్యాలయమున పటము నడిగి తెలిసికొనుడు. రేపుదయమున మీ బిడ్డలను వెంటబెట్టుకొని అచ్చటికి నడువుడు. అది యున్నచో వాడుకొనుడు. లేనిచో ఏమైనదని యడుగుడు.