ఆకాశంలో ఇంటర్వెల్ లేదు

సినిమాహాల్లో చంటివాడు కేర్‌మన్నాడనుకోండి, ఏమవుతుంది? వెనకనుంచి ఓ కేక: "ఎవరండీ అది, బయటికి తీసుకెళ్లండి!" తల్లి బిడ్డని చంకనేసుకుని వరండాలోకి పరుగెడుతుంది. ఆ తర్వాత కథేమైందో ఆవిడకి ఎవరూ చెప్పరు. మన ప్రేక్షక మహాశయుల ఆనవాయితీ ఇది!

మరి 35,000 అడుగుల ఎత్తున వరండా ఏదీ?

కిందటేడాది మా అక్కకి తోడుగా హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లాను. మేనల్లుడికి 20 నెలలు. రెండేళ్లు నిండలేదు కాబట్టి వాడికి సీటు లేదు, ఒళ్లోనే. హాల్లోలాగా ఊరికే కాదు లెండి, దానికీ కొంత ఛార్జీ ఉంది. ప్రయాణం సుమారు 10 గంటలు. అంటే 'మాయాబజార్' (1957) వరసగా మూడుసార్లు చూసినా ఇంకా టైము మిగులుతుంది!

రాత్రి విమానమైతే వాడు నిద్దరోయేవాడే. ఇది పగటి విమానం. పడమటికి పోతుంటే సూర్యుడూ మనతోపాటే వస్తాడు. లండన్ గడియారం మనకంటే వేసవిలో 4½ గంటలు, చలికాలంలో 5½ గంటలు వెనక. పొద్దున్నే ఎక్కి అన్ని గంటలు ఎగిరినా, దిగేసరికి అక్కడ ఇంకా మధ్యాహ్నమే!

అక్క బొమ్మలన్నీ ఒక్కసారి బయటికి తియ్యలేదు. గంటకొకటి, అదీ కాగితంలో చుట్టి. ఆ కాగితం విప్పడమే వాడికి పావుగంట ఆట. మధ్యమధ్య వాడి వేలు పట్టుకుని సీట్ల మధ్య దారిలో నేను పచార్లు. ఆరో గంటలో నిద్ర చాలక మొదలెట్టాడు రాగం. పక్క సీటు పెద్దమనిషి "అబ్బబ్బా" అంటూ పేపరు విసిరేశాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు లేచాడండీ, చదువుకోడానికి వెళ్తున్న ఓ కుర్రాడు! చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని దోబూచులాడాడు. మావాడు వెక్కుతూనే నవ్వాడు.

అసలు క్లయిమాక్స్ దిగేముందు. గాలి ఒత్తిడి మారి చెవులు నొప్పెడతాయి. మనం గుటక వేసి సర్దుకుంటాం. పసివాడికి ఆ విద్య తెలీదు. నేల తాకడానికి ఓ అరగంట ముందునుంచి గుక్కగుక్కగా పాలు పట్టిస్తే, మింగినప్పుడల్లా చెవి లోపలి గొట్టం తెరుచుకుంటుంది. చేతిసంచిలో ద్రవాలకి 100 మి.లీ. హద్దు ఉన్నా, ప్రయాణానికి సరిపడా చంటిపిల్లల పాలు తీసుకెళ్లనిస్తారు.

రేపు చదువులకనీ ఉద్యోగాలకనీ విమానం ఎక్కేవాళ్లు మీలోనూ ఉంటారు. పక్కన పసివాడు ఏడిస్తే విసుక్కోకండి. నిద్రొచ్చినా, చెవి నొప్పెట్టినా వాడికున్న డైలాగు అదొక్కటే. తల్లినడిగి, ఆవిడ నాలుగు ముద్దలు తినేదాకా వాణ్ణి ఆడించండి. బయటికి తీసుకెళ్లండని కేకెయ్యడానికి అది హాలు కాదు గురూ!

ఉంటా మరి. వచ్చేవారం కలుద్దాం.